హోలోలెన్స్‌ను సంస్థలకే పరిమితం చేయడం సరైన నిర్ణయమేనా?

దర్పణం (చర్చ ప్రారంభం):

తలకు పెట్టుకునే హోలోలెన్స్ హెడ్‌సెట్‌ను మైక్రోసాఫ్ట్ 2015 జనవరిలో తొలిసారి చూపించినప్పుడు ఆ ప్రదర్శనలో ఇల్లూ ఉంది, కార్యాలయమూ ఉంది. బల్ల మీద లేచిన మైన్‌క్రాఫ్ట్ ఆటలోని కోట, గోడకు అంటుకున్న వీడియో తెర, మోటార్‌సైకిల్ నమూనా చుట్టూ తిరుగుతూ మార్పులు చేస్తున్న డిజైనర్ అన్నీ ఒకే కథలో కనిపించాయి. కంప్యూటర్‌కు గానీ ఫోన్‌కు గానీ తీగతో కలపనక్కరలేకుండా, ప్రాసెసర్, సెన్సర్లు, బ్యాటరీ అన్నీ తలమీదే మోస్తూ పనిచేసే తొలి మిక్స్‌డ్ రియాలిటీ (ఎదుటి అసలు గదిలోనే కంప్యూటర్ బొమ్మలు ఉన్నట్లు చూపే) పరికరాల్లో అది ముఖ్యమైనది. 2016 మార్చి 30 నుంచి 3,000 డాలర్ల ధరతో డెవలపర్లకు అందడం మొదలైంది. అదే సంవత్సరం సంస్థల కోసం 5,000 డాలర్ల కమర్షియల్ సూట్ వచ్చింది. 2019 ఫిబ్రవరిలో బార్సిలోనాలో రెండో తరాన్ని 3,500 డాలర్ల ధరతో ప్రకటించేనాటికి ఇంటి వినియోగదారుడి ప్రస్తావనే లేదు. కర్మాగారాలు, ఆసుపత్రులు, నిర్మాణ సంస్థలు మాత్రమే మిగిలాయి. 2024 అక్టోబరులో ఉత్పత్తి ఆగిపోయిందనీ, తరువాతి తరం పరికరం లేదనీ తెలిసింది.

ఇక్కడ నా ప్రశ్న ఒక్కటే. సామాన్యులను వదిలి సంస్థల వైపు తిరగడం ఆ పరికరాన్ని బతికించిన నిర్ణయమా, లేక దాని ఆయుష్షును తగ్గించిన నిర్ణయమా? నాకు రెండో వైపే మొగ్గు ఉంది గానీ, పని స్థలంలో దాన్ని వాడినవారి మాట విన్న తరువాతే గట్టిగా చెప్పగలను.

కొలతబద్ద:

దర్పణం గారూ, వేరే దారి లేదని నేను అనుకుంటున్నాను. మొదటి తరం బరువు 579 గ్రాములు, ఎడతెగకుండా వాడితే బ్యాటరీ రెండు మూడు గంటలకు మించి నిలిచేది కాదు. హోలోగ్రామ్, అంటే ఎదుట నిలిచినట్లు అద్దాల్లో కనిపించే త్రీడీ బొమ్మ, కనిపించే పరిధి అడ్డంగా సుమారు 30 డిగ్రీలు, నిలువుగా సుమారు 17 డిగ్రీలు. దీన్ని లెక్కగట్టి చూడండి: రెండు మీటర్ల దూరంలో అది ఒక మీటరు వెడల్పు, అరవై సెంటీమీటర్ల ఎత్తు గల కిటికీ అవుతుంది. ఎదురుగా నిలబడిన మనిషి పరిమాణంలో ఉన్న బొమ్మను దానిలో ఒకేసారి చూడలేము, తల పైకీ కిందికీ తిప్పి ముక్కలుగా చూడాలి. ఆట కోసం, వినోదం కోసం డబ్బు పెట్టే మనిషి ఈ లోపాన్ని మొదటి పది నిమిషాల్లోనే గుర్తించి పరికరాన్ని తీసి పక్కన పెడతాడు. అదే, ఒక పంపు విడిభాగాన్ని ఏ వరుసలో బిగించాలో చూపించడానికి ఆ కిటికీ చాలు, ఎందుకంటే పనివాడి చూపు ఎలాగూ ఆ భాగం మీదే ఉంటుంది. పరిమితులున్న సాధనాన్ని అవి అడ్డురాని చోట అమ్మడం తప్పెలా అవుతుంది? రెండో తరంలో పరిధి అడ్డంగా 43, నిలువుగా 29 డిగ్రీలకు పెరిగినా, అదే దూరంలో నిలువు కొలత ఒక మీటరును కొద్దిగానే దాటింది.

తీగముడి:

కొలతబద్ద గారి లెక్క సరైనదే, కాని దాని నుంచి వారు తీసిన ముగింపుతో నేను ఏకీభవించలేను. సామాన్యులకు అమ్మకపోవడం వల్ల పోయింది కేవలం అమ్మకాల సంఖ్య కాదు. పరికరం చుట్టూ ఉండవలసిన మనుషులు పోయారు. ఇంట్లో ఒక హెడ్‌సెట్ ఉన్న ప్రోగ్రామరు సెలవుల్లో దానితో చిన్నదేదో ప్రయత్నిస్తాడు, ఇంకొకరు దాన్ని సరిదిద్దుతారు, అలా మూడేళ్లలో వందల పనిముట్లు పోగవుతాయి. 3,500 డాలర్లు పెట్టి సంస్థ అనుమతితో కొనవలసిన పరికరం చుట్టూ అటువంటి అలవాటు పుట్టదు.

దీనికి తోడు మొదటి తరం ఇంటెల్ ఆటమ్ ప్రాసెసర్ మీద, రెండో తరం స్నాప్‌డ్రాగన్ 850 మీద నడిచాయి. రెండూ వేర్వేరు రకాల ప్రాసెసర్లు కనుక పాత అప్లికేషన్లను కొత్తదాని కోసం మళ్లీ నిర్మించి పరీక్షించవలసి వచ్చింది. వాడేవారు లక్షల్లో ఉంటే ఆ శ్రమను ఎవరో ఒకరు భుజాన వేసుకుంటారు. వాడేది కొద్దిపాటి సంస్థలైతే ఎవరికి వారే మోయాలి. తయారీదారు ఒక సమావేశంలో మూసివేయాలని నిర్ణయించుకుంటే అడ్డుపడే గొంతు కూడా అంత కొద్దిపాటిదే అవుతుంది.

మరమ్మతు_మనిషి:

నేను పెద్ద యంత్రాల నిర్వహణలో పనిచేసేవాడిని. ఈ పరికరాన్ని తల మీద పెట్టుకుని గ్రీజు చేతులతో పని చేశాను కనుక కొంచెం వివరంగానే రాస్తాను.

ఇది నిజంగా పనికొచ్చింది. ఆ మాట ముందు స్పష్టంగా చెప్పాలి. అరుదుగా చేసే పని, చాలా దశలున్న పని, రెండు చేతులూ తీరికలేని పని, తప్పు జరిగితే మళ్లీ మొదటి నుంచి విప్పవలసిన పని: ఈ నాలుగూ కలిసిన చోట దీనికి సాటి వచ్చే సాధనాన్ని నేను చూడలేదు. వేరే ఊళ్లో ఉన్న నిపుణుడు నేను చూస్తున్నదే చూస్తూ, నా కళ్లముందున్న వాల్వు మీద బాణం గీసి చూపిస్తే, నేను తల తిప్పినా ఆ బాణం వాల్వు మీదే నిలిచి ఉండటం ఫోన్ వీడియోలో సాధ్యం కాని విషయం. థిస్సెన్‌క్రుప్ 2016లోనే లిఫ్టుల మరమ్మతు సిబ్బందికి దీన్ని ఇవ్వడానికి పూనుకోవడం వెనుక ఉన్న ఆలోచన ఇదే. లాక్‌హీడ్ మార్టిన్ ఓరియన్ అంతరిక్ష నౌక కూర్పులో వాడటమూ ఈ కోవలోనిదే. ఎక్కడ రంధ్రం వేయాలో, ఏ మరను ఏ బిగువుతో తిప్పాలో లోహం మీదే కనిపిస్తే, కాగితంలోని బొమ్మకూ ఎదుటి భాగానికీ మధ్య చూపు తిరుగుతూ ఉండే కాలం మిగులుతుంది.

పనికిరాని చోట్లూ అంతే స్పష్టంగా ఉన్నాయి. ఈ అద్దాలు వెలుగును కలపగలవు గానీ తీసివేయలేవు. అందుకే నల్లటి హోలోగ్రామ్ అనేది ఉండదు, అది పారదర్శకంగానే మిగులుతుంది. ఎండలో నిలబడితే ఏదీ సరిగా కనిపించదు. పెద్ద శబ్దం చేసే గదిలో మాటతో ఇచ్చే ఆజ్ఞలు చాలాసార్లు వృథా. శిరస్త్రాణం తప్పనిసరి అయిన చోట మామూలు హెడ్‌సెట్‌ను దాని కింద ఇరికించలేము. ట్రింబుల్ సంస్థ రెండో తరాన్ని శిరస్త్రాణానికే అమర్చి ఎక్స్ఆర్10 పేరుతో తీసుకువచ్చింది ఈ చిక్కును తీర్చడానికే. రోజూ చేసే పనికైతే ఇది అడ్డే. పదేళ్లుగా ఒకే బేరింగు మారుస్తున్నవాడికి బాణాలు చూపించడం అతని అనుభవాన్ని కించపరచడమే అవుతుంది.

అయితే అసలు ఖర్చు హెడ్‌సెట్‌లో లేదు, ఇది చాలామంది లెక్కలోకి తీసుకోరు. ఒక పనిని దశలుగా విడగొట్టి, ప్రతి దశకూ బొమ్మ, బాణం, హెచ్చరిక సరైన చోట అమర్చాలంటే ఆ పని తెలిసిన మనిషి, రాయడం తెలిసిన మనిషి, త్రీడీ నమూనాను తేలిక చేయగల మనిషి ముగ్గురూ కూర్చోవాలి. యంత్రంలో ఒక గొట్టం మార్గం మారిందంటే ఆ దశలన్నీ మళ్లీ చూసుకోవాలి. నాకు తెలిసిన ఒక సంస్థ పరికరాలు కొన్నది గానీ సూచనలు తయారు చేసే బాధ్యత ఎవరికీ అప్పగించలేదు. అవి బీరువాలోనే ఉండిపోయాయి, పరికరం విఫలమైందని నివేదిక రాశారు. నా దృష్టిలో అక్కడ విఫలమైంది కొనుగోలు పద్ధతి.

ఇక అసలు ప్రశ్నకు వస్తే, సంస్థలకు అమ్మడం సరైనదే. సంస్థలకు అమ్ముతూ ఇంటి వస్తువులాగా కొద్దిపాటి ఆయుష్షు ఇవ్వడం మాత్రం సరైనది కాదు. మేము చూసుకునే యంత్రాల వయసు ఇరవై, ముప్ఫై ఏళ్లు.

శరీరశాస్త్రం_టీచరు:

కర్మాగారమూ, ఇల్లూ రెండూ కాని మూడో చోటు ఒకటి ఉంది: తరగతి గది. కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయం, క్లీవ్‌లాండ్ క్లినిక్ కలిసి శరీర నిర్మాణ శాస్త్రాన్ని హోలోలెన్స్‌తో బోధించే పద్ధతిని మొదటి తరం నాటికే రూపొందించాయి. ఒకే గుండె నమూనాను గదిలోని విద్యార్థులందరూ ఒకే చోట నిలబడినట్లు చూడటం, చుట్టూ తిరిగి కవాటాల వెనుక వైపు పరిశీలించడం పుస్తకం ఇవ్వలేని అనుభవం.

ఒక ఇబ్బంది మాత్రం చెప్పాలి. ఈ పరికరంలోని దృశ్యం సుమారు రెండు మీటర్ల దూరంలో కేంద్రీకృతమయ్యేలా ఉంటుంది. విద్యార్థి ఉత్సాహంతో నమూనాకు బాగా దగ్గరగా వెళ్తే రెండు కళ్లు దగ్గరి బిందువు వైపు తిరుగుతాయి, కంటి కటకం మాత్రం రెండు మీటర్ల దూరానికే కుదురుకోవాలి. ఆ పొంతన కుదరనితనమే కళ్ల అలసటకు ఒక కారణం. తరగతిలో పాఠాన్ని చిన్న భాగాలుగా విడదీయడం దీనికి మంచి మార్గం.

కొలతబద్ద:

మరమ్మతు_మనిషి గారి చివరి మాటతో నేను అంగీకరిస్తున్నాను, నా మొదటి వాదనలో ఆ కోణం లేదు. కాని సంస్థల వైపు తిరగడం వల్ల వచ్చిన అతిపెద్ద అవకాశాన్ని కూడా ఇక్కడ తూచాలి. హోలోలెన్స్ ఆధారంగా సైనికులకు హెడ్‌సెట్లు తయారు చేయించడానికి అమెరికా సైన్యం మైక్రోసాఫ్ట్‌తో 2018లో 48 కోట్ల డాలర్ల ఒప్పందంతో మొదలుపెట్టి, 2021 మార్చిలో పదేళ్లలో గరిష్ఠంగా సుమారు 2,200 కోట్ల డాలర్ల వరకు వెళ్లగల ఒప్పందం చేసుకుంది. అటువంటి కొనుగోలుదారు ఏ ఇంటి మార్కెట్టులోనూ దొరకడు.

తీగముడి:

ఆ ఉదాహరణ మీ వాదనకు కన్నా నా వాదనకే ఎక్కువ బలం ఇస్తుంది. సైనికుల పరీక్షల్లో తలనొప్పి, కళ్ల అలసట, వికారం బయటపడ్డాయి. 2025 ఫిబ్రవరిలో ఆ కార్యక్రమాన్ని ఆండురిల్ అనే రక్షణ పరికరాల సంస్థకు అప్పగిస్తున్నట్లు ప్రకటించారు. ఒక్క పెద్ద కొనుగోలుదారు మీద ఆధారపడిన పరికరం, ఆ ఒప్పందం చేయి మారగానే తన ఇంట్లోనే అనాథ అవుతుంది.

సంస్థలకు జరిగిన అన్యాయంగా నేను భావించేది ఇంకొకటి ఉంది. హోలోగ్రామ్‌ను ఒక నిర్దిష్ట స్థలానికి కట్టి, వేర్వేరు పరికరాలు అక్కడే చూసేలా చేసే అజూర్ స్పేషియల్ యాంకర్స్ అనే మైక్రోసాఫ్ట్ క్లౌడ్ సేవను 2024 నవంబరు 20న నిలిపివేశారు. కొన్న హెడ్‌సెట్ చేతిలోనే ఉంది, బ్యాటరీ ఉంది, అద్దాలు చెక్కుచెదరలేదు. అయినా ఆ సేవ మీద నిర్మించిన అప్లికేషన్‌లో బాణాలకు చోటు తెలియదు. ఇంటి వినియోగదారుడికి ఇది ఒక ఆట పోవడం. కర్మాగారానికి ఇది ఒక పని విధానమే పోవడం.

దర్పణం:

అందరి మాటలూ చదివాక నా మొగ్గు మారింది. సంస్థలను ఎంచుకోవడం తప్పు కాదు, ఎంచుకున్న కొనుగోలుదారుడి కాలమానాన్ని అంగీకరించకపోవడం తప్పు. మొదటి తరానికి మద్దతు 2024 డిసెంబరు 10న ముగిసింది. రెండో తరానికి భద్రతా అప్‌డేట్లు 2027 డిసెంబరు 31 వరకు మాత్రమే. ఇంకా వాడుతున్నవారు ఈ మిగిలిన కాలంలో ఏం చేయాలో మరమ్మతు_మనిషి గారు చెప్పగలరా?

మరమ్మతు_మనిషి:

చెప్తాను. మొదట సూచనల పాఠాన్నీ, ఫొటోలనూ, త్రీడీ నమూనాలనూ పరికరం నుంచీ, దాని క్లౌడ్ సేవ నుంచీ బయటికి తీసి, జీఎల్‌టీఎఫ్ వంటి బహిరంగ ఫార్మాట్‌లో మీ సర్వరులో ఉంచుకోండి. బాణం ఎక్కడ ఉండాలో మాటల్లో కూడా రాసుకోండి, ఎందుకంటే స్థల సమాచారం ఒక పరికరం నుంచి మరోదానికి నేరుగా రాదు. కొత్త అప్లికేషన్ రాయిస్తే వేర్వేరు కంపెనీల హెడ్‌సెట్లకు ఉమ్మడిగా ఉండే ఓపెన్‌ఎక్స్‌ఆర్ ప్రమాణం మీదే రాయించండి, అప్పుడు తయారీదారు మారినా కోడ్‌లో చాలా భాగం నిలుస్తుంది. ఇకముందు ఏ హెడ్‌సెట్ కొన్నా, మద్దతు ఎన్నేళ్లో, క్లౌడ్ సేవ ఆగిపోతే పరికరంలో ఏది పనిచేస్తుందో కొనుగోలు పత్రంలో లిఖితపూర్వకంగా అడగండి. జవాబు ఇవ్వని విక్రేత దగ్గర ప్రయోగానికి ఒకటి రెండు మాత్రమే తీసుకోండి, దాని మీద ఏ పని విధానాన్నీ నిలబెట్టకండి.