పది రోజుల శిక్షణతో అబ్బాయిని హైవే మీదికి పంపవచ్చా?

ప్రశ్న (గుంటూరు నుంచి ఒక తల్లి):
మా అబ్బాయికి 19 ఏళ్లు. డ్రైవింగ్ స్కూల్లో పది రోజులు నేర్చుకున్నాడు గానీ, ఒకే కారులో నలుగురిని ఎక్కించుకుని వెళ్లడం వల్ల రోజుకు పావుగంటకు మించి స్టీరింగు వాడి చేతికి రాలేదు. అయినా లైసెన్సు వచ్చేసింది. ఇప్పుడు స్నేహితులతో రాత్రికి బయలుదేరి కారులో హైదరాబాదు వెళ్తానంటున్నాడు. వద్దంటే తన మీద నమ్మకం లేదా అని బాధపడుతున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు 1 (పూర్వం డ్రైవింగ్ నేర్పినవారు):
అమ్మా, మీ భయం సరైనదే. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం కారు శిక్షణ కనీసం 21 రోజులు సాగాలి, అందులో నేర్చుకునేవారు స్వయంగా నడిపే సమయం 10 గంటలకు తగ్గకూడదు. మీ లెక్కన అబ్బాయికి దక్కింది రెండున్నర గంటలే. ట్రాక్ మీద బండిని వెనక్కి తీయడం వస్తే పరీక్ష గట్టెక్కవచ్చు గానీ, ఎదురుగా వస్తున్న బస్సు వేగాన్ని అంచనా వేసి, ముందున్న ఆటోను దాటాలా, దాని వెనకే ఆగాలా అని క్షణంలో తేల్చుకునే నేర్పు, అనుభవమున్నవారు పక్కన కూర్చోగా అసలు రోడ్డు మీద గంటల తరబడి నడిపితేనే అలవడుతుంది. కొన్ని నెలలు మీ ఇంట్లో పెద్దవారెవరైనా పక్కన కూర్చుని ముందు పగటిపూట ఊళ్లో, ఆ తర్వాత వానలో, అన్నిటికన్నా చివర రాత్రిపూట నడిపించండి. ఇది నమ్మకానికి సంబంధించిన విషయం కాదని, ఇంకా నేర్పవలసింది మిగిలే ఉందని అబ్బాయికి నెమ్మదిగా చెప్పండి.

జవాబు 2:
మా చిన్నాన్న కొడుకు ఇరవయ్యేళ్ల వయసులో ఇలాగే రాత్రి బయలుదేరి, దీపాలు లేకుండా రోడ్డు పక్కన ఆగి ఉన్న లారీని గుద్దుకున్నాడు. ఇక ఇంటికి రాలేదు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది; లారీ కనిపించాక బ్రేకు మీద కాలు పడేలోపే అంత దూరం గడిచిపోతుంది. ఈసారికి దయచేసి బస్సులో పంపండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. బస్సు టికెట్లు తీశాను. మా చిన్నవాడికి 16 ఏళ్లు, ట్యూషనుకు నా స్కూటరు తీసుకెళ్తున్నాడు. అది కూడా మాన్పించాలా?

జవాబు 1 రాసినవారు:
ఈరోజే మాన్పించండి. గేర్లు లేకపోయినా, 50 సీసీ దాటిన బండికి 18 ఏళ్లు నిండితే గానీ లైసెన్సు ఇవ్వరు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించాక, 18 ఏళ్లు నిండనివారు బండి నడిపి ఆ చట్టాన్ని ఉల్లంఘిస్తే తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడతాయి. బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దవుతుంది, పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు దొరకదు. అప్పటిదాకా సైకిలు కొనివ్వండి.