ఒకే ఎలక్ట్రోడ్‌తో రెండు పనులా, రెండు యంత్రాలు వేరుగానా?

ఉప్పుగాలి (ఎంవీపీ కాలనీ):
2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ కొట్టాక మా వీధికి ఆరు రోజులు కరెంటు రాలేదు. అప్పటి నుంచి తుఫాను అంటేనే టెన్షన్. సోలార్ కరెంటుతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ దాచుకుని, తర్వాత అదే సెల్‌ని తిరగేసి నడిపి కరెంటు తీసుకోవచ్చని చదివాను. ఇంత మంచి ఆలోచన ఇంకా ల్యాబుల్లోనే ఎందుకుందండీ?

బీకరు (సీతమ్మధార):
నాలుగేళ్లుగా ఈ ఎలక్ట్రోడ్లే చేస్తున్నానండీ. చిక్కంతా ఆక్సిజన్ వైపే. కరెంటు ఇచ్చేటప్పుడు ఆక్సిజన్‌ని నీరు చెయ్యాలి, హైడ్రోజన్ నింపేటప్పుడు నీటి నుంచి ఆక్సిజన్ లాగాలి. సిద్ధాంతం ప్రకారం రెండింటికీ 1.23 వోల్టులే. తీరా నడిపితే సెల్ ఇచ్చేది 0.7 దగ్గరికి పడిపోతుంది, నింపడానికి 1.7 దాకా ఎక్కించాలి. ఆ లెక్కన చేతికి తిరిగొచ్చేది 41 శాతమే, పంపులు తినేది కాక.

చర్య వేగంగా జరగడానికి ఎలక్ట్రోడ్ మీద ఉత్ప్రేరకం పూస్తాం. మొదటి పనికి ప్లాటినం మేటి, రెండో పనికి వచ్చేసరికి మీద ఆక్సైడ్ పొర కట్టి మందగిస్తుంది. ఇరిడియం ఆక్సైడ్‌ది సరిగ్గా దీనికి ఎదురు. రెండూ కలిపి పూయొచ్చు గానీ, ఇరిడియం ప్రపంచం మొత్తానికీ ఏడాదికి దొరికేది 7, 8 టన్నులే. క్షార ద్రావణంలో అయితే నికెల్, ఇనుము, కోబాల్ట్, మాంగనీస్ ఆక్సైడ్లతో చవకగా పనవుతుంది. నేను చేసేది అదే.

కానీ ఆ ఆక్సైడ్ పొడిని మోసే కార్బన్ ఉంది చూశారూ, నింపే వోల్టేజీలో అదే ఆక్సీకరణం చెంది తరిగిపోతుంది. మొదట్లో కార్బన్ పేపర్ మీద పూసి రాత్రంతా నింపే దిశలో వదిలేశాను. పొద్దున వచ్చి చూస్తే, నీళ్లలా తేటగా ఉండాల్సిన పొటాషియం హైడ్రాక్సైడ్ క్షార ద్రావణం పలచని టీ రంగుకి తిరిగింది. పట్టకారుతో ఎత్తితే పేపర్ అంచు నల్లగా పొడిపొడిగా రాలింది. మొదటి గంట గ్రాఫ్ మాత్రం ఎంత బాగుందో! ఆ మొదటి గంట అంకె మీదే మేం పోటీ పడుతున్నామన్నది నా బాధ. అటూ ఇటూ వెయ్యిసార్లు తిప్పాక ఏం మిగిలిందో ముందు చెప్పాలి. ఇళ్లకైతే నీటిని విడగొట్టేదీ, కరెంటు ఇచ్చేదీ వేరువేరు యంత్రాలే మేలు.

కైలాసగిరి:
బీకరు గారూ, కార్బన్ బదులు టైటానియం పెడుతున్నారు కదా? అంత తేలిగ్గా కొట్టిపారేయకండి. అంతరిక్షంలో ప్రతి కిలో లెక్కే. 2024 జనవరి 1న వెళ్లిన పోయెమ్-3 (రాకెట్ చివరి దశనే కక్ష్యలో ప్రయోగాలకి వాడే వేదిక) మీద ఇస్రో ఫ్యూయల్ సెల్‌ని, అంటే హైడ్రోజన్‌తో కరెంటు ఇచ్చే సెల్‌ని పరీక్షించింది. చంద్రుడి మీద రాత్రి దాదాపు 14 రోజులు. అన్ని బ్యాటరీలు ఎలా మోస్తాం?

బీకరు:
అంతరిక్షం సంగతి ఒప్పుకుంటాను, అక్కడ బరువు తగ్గితే అదే లాభం. అయితే పోయెమ్-3లో నడిచింది కరెంటు ఇచ్చే దిశ ఒక్కటే. టైటానియం మీదా ఆక్సైడ్ పేరుకుని కరెంటుకి అడ్డుపడుతుంది, ప్లాటినం లాంటి పూత వేస్తే గానీ నిలవదు. నీటి గొడవ ఇంకోటి. నింపేటప్పుడు ఎలక్ట్రోడ్‌లోని సన్న రంధ్రాలకి నీరు అందాలి, ఇచ్చేటప్పుడు అవే రంధ్రాల్లో నీరు నిలిస్తే ఆక్సిజన్ లోపలికి వెళ్లదు.

ఉప్పుగాలి గారూ, ఆరు రోజుల నిల్వ అంటే డబ్బు ఎక్కువగా ట్యాంకులకే పోతుంది. సెల్ ఒకటైనా రెండైనా ఖర్చులో పెద్ద తేడా రాదు. పైగా విడిగా ఉంటే, నింపే యంత్రం పాడైనా తుఫాను రాత్రి ఫ్యూయల్ సెల్ నడుస్తుంది.

ఉప్పుగాలి:
మరి సిలిండర్లు గాలికి ఎగరకుండా సెల్లార్‌లో పెట్టుకోవచ్చా?

బీకరు:
సెల్లార్ వద్దే వద్దండీ. హైడ్రోజన్ గాలికన్నా 14 రెట్లు తేలిక, లీకైతే పైకప్పు కింద చేరుతుంది. ఆరుబయట గోడకి గొలుసులతో బిగించండి, పైన ఏ కప్పూ లేని చోట.