ఇస్ఫహాన్‌లో నాలుగు రోజులు: అమ్మతో వెళ్తే ఏవి చూడాలి, ఏవి వదలాలి?

ప్రశ్న:

నమస్కారం. అమ్మా నేనూ ఇరాన్‌లోని ఇస్ఫహాన్ చూడాలని చాలాకాలంగా అనుకుంటున్నాం. టికెట్లు ఇంకా కొనలేదు. అక్కడి పరిస్థితులు చక్కబడ్డాకే బయల్దేరతాం. ఊళ్లో నాలుగు రోజులు ఉండగలం. అమ్మకు అరవై నాలుగేళ్లు, మోకాళ్ల నొప్పులు. మాంసం, గుడ్డు ముట్టదు. పాత మసీదులు, ఆర్మీనియన్ల చర్చి, పార్శీల మతానికి చెందిన పాత అగ్ని ఆలయం కూడా చూడాలని మా కోరిక. నెట్‌లో వెతికితే ముప్పై చోట్ల పేర్లు వచ్చాయి, చూస్తేనే టెన్షన్‌గా ఉంది. వెళ్లొచ్చినవాళ్లు కాస్త దారి చెప్పండి.

జవాబు:

ముందు కాగితాల సంగతి చూసుకోండి. 2024 ఫిబ్రవరి నుంచి భారతీయులను 15 రోజులకు వీసా లేకుండా రానిచ్చేవారు. 2025 నవంబర్ 22 నుంచి ఆ సౌకర్యం ఆపేశారు. పాత వీడియోలు చూసి మోసపోకండి. మన విదేశాంగ శాఖ ఇచ్చే ప్రయాణ సూచన చదివాకే టికెట్ కొనండి. 2025 జూన్ యుద్ధంలో ఇస్ఫహాన్ మీద కూడా దాడులు జరిగాయి, కాబట్టి ఈ విషయంలో తొందర వద్దు.

మన బ్యాంకుల వీసా, మాస్టర్ కార్డులు అక్కడ పనిచేయవు. ఖర్చంతటికీ డాలర్లో యూరోలో నోట్లుగా తీసుకెళ్లాలి. ధర చెప్పినప్పుడు రియాలా, తొమానా అని అడగండి. పది రియాళ్లు ఒక తొమాన్. నోట్ల మీద రియాళ్లుంటాయి, జనం చెప్పేది మాత్రం తొమాన్లలో.

జవాబు:

నేను అక్కడ ఆరు రోజులున్నాను. నా సలహా కొంచెం వేరుగా ఉంటుంది: అందరూ మొదట వెళ్లే పెద్ద మైదానానికి మీరు మొదటిరోజు వెళ్లకండి. జామె మసీదుతో మొదలుపెట్టండి.

ఎందుకంటే అది ఒక్క రాజు కట్టించింది కాదు. వెయ్యేళ్ల పాటు ఒకరి తర్వాత ఒకరు కడుతూ, కలుపుతూ వచ్చారు. దక్షిణం వైపు గుమ్మటం 1086 ప్రాంతంలో సెల్జుక్ సుల్తాన్ల మంత్రి నిజామ్ ఉల్ ముల్క్ కట్టించాడు. ఆయనకు గిట్టని తాజ్ ఉల్ ముల్క్ 1088లో ఉత్తరం వైపు ఇంకోటి కట్టించాడు. ఈ రెండోది చిన్నదే కానీ దాని కింద నిలబడి పైకి చూడండి. రంగు లేదు, టైల్స్ లేవు, వట్టి ఇటుక. ఆ ఇటుకల లెక్క ఎంత చక్కగా కుదిరిందో చూస్తూ నేను అరగంట అక్కడే ఉండిపోయాను. 1310లో మంగోలు పాలకుడు ఒల్జైతు పేరిట చేయించిన గచ్చు మిహ్రాబ్ (మక్కా దిక్కు చూపే గోడ గూడు) కూడా ఇక్కడే ఉంది. అమ్మగారికి ఎక్కాల్సిన మెట్లు పెద్దగా లేవు. నమాజు వేళల్లో, శుక్రవారం మధ్యాహ్నం సందర్శకులను ఆపుతారు, ఉదయాన్నే వెళ్లండి.

జామె మసీదు నుంచి బజారు లోపలే నడుస్తూ మైదానం దాకా రావచ్చు. సుమారు రెండు కిలోమీటర్లు, పైన కప్పు ఉంటుంది. అమ్మగారు నడవలేకపోతే టాక్సీ మేలు.

రెండోరోజు మైదానం. పేరు నఖ్ష్ ఎ జహాన్. పొడవు 560 మీటర్లు, వెడల్పు 160. ఇరాన్ రాజు షా అబ్బాస్ 1598లో రాజధానిని ఇక్కడికి మార్చాక వేయించాడు. తూర్పున షేక్ లుత్ఫుల్లా మసీదు (1603-1619). దీనికి మినార్లు లేవు, ముందు ప్రాంగణం లేదు. మైదానం ఒక దిక్కుకుంటే మక్కా ఇంకో దిక్కున ఉంది, అందుకని తలుపు నుంచి లోపలికి వంపు తిరిగిన చీకటి దారి పెట్టారు. ఆ చీకట్లోంచి ఒక్కసారిగా గుమ్మటం కిందికి వస్తాం. దీనికి రెండుసార్లు వెళ్లండి, ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి. వెలుతురు మారితే పైనున్న మీగడ రంగు కూడా మారుతుంది. రెండో టికెట్ డబ్బులకు వెనుకాడకండి.

దక్షిణాన షా మసీదు, ఇప్పుడు ఇమామ్ మసీదు అంటారు. 1611లో మొదలైంది. గుమ్మటం రెండు పొరలది, బయటి ఎత్తు 50 మీటర్లు దాటుతుంది. మధ్యలో నల్లరాయి దగ్గర చప్పట్లు కొడితే ప్రతిధ్వని వరసగా వస్తుంది. ఇక్కడ పని త్వరగా తెమలాలని ఒకే పలక మీద ఏడు రంగులు వేసి కాల్చారు. ముక్కలు కోసి అతికించే పాత పద్ధతికి చాలా టైం పట్టేది. గుమ్మం దగ్గర పాత పద్ధతి, లోపల కొత్తది. దగ్గరకెళ్లి పోల్చి చూడండి.

పడమటి వైపున్న అలీ ఖాపు రాజభవనం అమ్మగారికి వద్దు. మెట్లు ఇరుకు, నిటారుగా ఉంటాయి. మీరొక్కరే ఎక్కి పై అంతస్తులో గోడలకు పాత్రల ఆకారంలో గూళ్లు కోసిన సంగీతం గది చూసి రండి.

ప్రశ్న అడిగినవారు:

చాలా థాంక్సండీ. మరి చర్చి, అగ్ని ఆలయం?

జవాబు (పైనవారే):

మూడోరోజు ఉదయం ఆర్మీనియన్ల పేట కొత్త జుల్ఫాలో వాంక్ చర్చి. 1604-05లో షా అబ్బాస్ అరస్ నది దగ్గరి జుల్ఫా నుంచి ఆర్మీనియన్లను ఖాళీ చేయించి ఇక్కడికి తెచ్చాడు. ఆ ప్రయాణంలో చాలామంది చనిపోయారు. ఇప్పుడున్న చర్చి 1664 నాటికి పూర్తయింది. బయటినుంచి చూస్తే గుమ్మటం మసీదుదే అనిపిస్తుంది, పైన శిలువ ఉంటుంది. లోపల గోడల కింది భాగం ఇరానీ టైల్స్, పైన యూరప్ పద్ధతి బొమ్మలు. నేల సమంగా ఉంటుంది, అమ్మగారికి హాయి.

అగ్ని ఆలయం అంటే ఊరికి పడమట ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆతష్‌గాహ్ కొండ. పైన మట్టి ఇటుకల శిథిలాలే ఉన్నాయి, నిప్పు లేదు. ఎక్కడం కష్టం. అమ్మగారిని కారులోనే కూర్చోబెట్టి కింద నుంచి చూపించండి. దారిలోనే మినారె జొంబాన్ అనే పద్నాలుగో శతాబ్దపు సమాధి ఉంది, ఒక మినార్ ఊపితే రెండోదీ ఊగుతుంది. వెలుగుతున్న అగ్నిని చూడాలంటే యజ్ద్ నగరం వెళ్లాలి. 300 కిలోమీటర్లు పైనే, నాలుగు రోజుల్లో ఇరికించొద్దు.

నాలుగోరోజు చెహెల్ సొతూన్ రాజభవనం. ఇరవై కొయ్య స్తంభాలు, కోనేట్లో నీడతో కలిపి నలభై అని ఆ పేరు. లోపల మన హుమాయూన్‌కు ఇరాన్ రాజు షా తహ్మాస్ప్ విందు ఇస్తున్న బొమ్మ ఉంది. సాయంత్రం ఖాజూ వంతెన. నదిలో చాలా నెలలు నీళ్లుండవు. ఎండిపోయినా వంతెన కింద జనం కూర్చుని పాడుతుంటారు, వెళ్లండి.

జవాబు:

తిండి సంగతి నేను చెప్తాను. అక్కడ 'బెర్యాని' అని రాసి ఉంటే మన బిర్యానీ అనుకోకండి. అది గొర్రె మాంసం నూరి వేయించి రొట్టెలో పెట్టేది. అమ్మగారికి 'బెదూనె గూష్త్' అనే మాట నేర్పండి, మాంసం లేకుండా అని. వంకాయతో చేసే 'కష్కె బాదెంజాన్' బాగుంటుంది, కానీ మాంసం వేశారేమో అడగండి. 'మీర్జా ఘాసెమీ'లో గుడ్డుంటుంది. అన్నం, పెరుగు అన్నిచోట్లా దొరుకుతాయి. మన పచ్చడి ఒక సీసా పెట్టుకెళ్లండి.

ఇద్దరూ తల మీద చున్నీ, పొడుగు చేతుల దుస్తులు సిద్ధం చేసుకోండి. పోలీసు, సైనిక స్థావరాల వైపు ఫోన్ ఎత్తొద్దు. నతంజ్ రోడ్డులో వెళ్తే మరీ జాగ్రత్త, అక్కడ అణు కేంద్రం ఉంది.

ప్రశ్న అడిగినవారు:

మేముండేది హైదరాబాద్‌లోనే. వెళ్లేముందు అమ్మకు చూపించడానికి ఇక్కడ ఏమైనా ఉందా?

జవాబు (మొదట జామె మసీదు గురించి రాసినవారు):

ఉంది! పత్తర్‌గట్టి దగ్గర బాద్‌షాహీ ఆషూర్‌ఖానా, మొహర్రం సంతాపం జరిపే మందిరం. మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించాడు. ఆయన దగ్గర పేష్వాగా (ప్రధానమంత్రిగా) ఉండి హైదరాబాద్ నగరానికి రూపం ఇచ్చాడని చెప్పే మీర్ మోమిన్ ఇరాన్‌లోని అస్తరాబాద్ నుంచి వచ్చినవాడే. లోపల గోడ మీద ముక్కలు కోసి అతికించిన టైల్స్ చూడండి. 1908 మూసీ వరదల్లో కింది భాగం దెబ్బతింటే తర్వాత రంగులతో పూరించారు, ఆ తేడా కంటికి తెలుస్తుంది. ఆ పసుపు, నీలం ముక్కలను అమ్మగారికి దగ్గరగా చూపించండి. ఇస్ఫహాన్‌లో షా మసీదు గుమ్మం ముందు నిలబడ్డప్పుడు ఆవిడే మీకు వివరిస్తారు.