అప్‌డేట్: మధ్యలో గుంట పడిన సెంటెడ్ క్యాండిల్ బాగైంది

పోయిన వారం వైజాగ్ లాసన్స్ బే నుంచి అడిగింది నేనే. మల్లెపూల వాసన క్యాండిల్ మధ్యలోనే గుంటలా కరుగుతోంది, చుట్టూ మైనం అలాగే మిగిలిపోతోంది, గాజు గ్లాసు నల్లబడుతోంది, ఏం చేయాలని.

మీలో ఒకరు చెప్పినట్టు గ్లాసు అంచు చుట్టూ అల్యూమినియం ఫాయిల్ మడిచి, మధ్యలో మంటకి సరిపడా ఖాళీ వదిలాను. పక్కనే కూర్చుని చూశాను. అంచుల్లో గట్టిగా ఉన్న మైనం ముందు కాస్త పారదర్శకంగా మారి, తర్వాత మెల్లగా జారింది. రెండు గంటలకి పైభాగమంతా సమానమైంది! ఫాయిల్ బాగా వేడెక్కుతుంది, మంట ఆర్పి చల్లారాకే తీయండి.

మసికి కారణం పొడవైన వత్తి, బాల్కనీలోంచి వచ్చే సముద్రం గాలి. గాలికి మంట ఊగితే మసి ఎక్కువట. ఇప్పుడు వెలిగించే ముందు ప్రతిసారీ వత్తిని 6 మిల్లీమీటర్లకి కత్తిరిస్తున్నాను. అమ్మ దేవుడి దీపానికి రోజూ వత్తి మసి దులుపుతుంది, నాకెందుకు తట్టలేదో! ఫ్యాన్ ఆపితే మన వైజాగ్ ఉక్కలో కూర్చోలేం కాబట్టి, క్యాండిల్‌ని ఫ్యాన్ గాలి తగలని మూలకి మార్చాను.

కొత్తది కొన్నాను, ఈసారి సంపెంగ. మొదటిసారే మైనం అంచుల దాకా కరిగేవరకు ఉంచాను, నాలుగు గంటలు దాటనివ్వలేదు. నిన్న రాత్రి హాల్ అంతా సంపెంగ వాసనే. చెప్పినవాళ్లందరికీ చాలా థ్యాంక్స్.