హెల్మెట్‌లో పాటలు: పైలట్ల హెడ్‌సెట్ లాంటిది బైక్ మీద పనిచేస్తుందా?

రెక్కలబండి: బైక్, పాటలు, విమానాలు, మూడూ పిచ్చే నాకు. హెల్మెట్‌లో బ్లూటూత్ స్పీకర్లు పెట్టించాను గానీ స్పీడ్ 80 దాటితే గాలి హోరులో బేస్ మొత్తం మాయమైపోయి గొంతు ఒక్కటే ఎక్కడో సన్నగా వినిపిస్తోంది, సౌండ్ పెంచితే తలనొప్పి. పైలట్ల నాయిస్ క్యాన్సిలింగ్ మనకెందుకు కుదరదు?

మూడోగేర్: అసలు ఆ ఆలోచన వచ్చిందే విమానంలో బ్రో, 1978లో బోస్ ఆడియో కంపెనీ పెట్టిన అమర్ బోస్‌కి. 1986లో ఎక్కడా ఆగకుండా భూమిని చుట్టొచ్చిన వాయేజర్ విమానం పైలట్లు ఆ హెడ్‌సెట్లే వాడారు. కాకపోతే ఇంజిన్ మోత ఒకే తీరుగా సాగుతుంది కాబట్టి దాన్ని రద్దు చేసే ఎదురు తరంగం పుట్టించడం తేలిక, హెల్మెట్ చుట్టూ సుడి తిరిగే గాలి తల కాస్త తిప్పినా మారిపోతుంది. ముందు స్పీకర్ సరిగ్గా చెవి రంధ్రానికి ఎదురుగా ఉందో లేదో చూడు, ఒక్క సెంటీమీటరు జరిగినా బేస్ పోతుంది.

గాలివాటం: ఇయర్‌ప్లగ్స్ వాడండి, హోరు తగ్గి మాటలు ఇంకా స్పష్టంగా వినిపిస్తాయి. కొన్నిచోట్ల రూల్స్ ఒప్పుకోవు, చూసుకోండి. నేనైతే పాటలే మానేశా. సింగిల్ సిలిండర్ ఫోర్ స్ట్రోక్ 6600 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు 55 సార్లు పేలుతుంది, అంటే ట్యూనింగ్‌కి వాడే 440 హెర్ట్జ్ స్వరానికి సరిగ్గా మూడు ఆక్టేవ్‌ల కింద (ఒక్కో ఆక్టేవ్ దిగితే హెర్ట్జ్ సగమవుతుంది). అంతకన్నా బేస్ ఎందుకండీ!

రెక్కలబండి: స్పీకర్ నిజంగానే వెనక్కి జరిగి ఉంది. 6600 మాత్రం రేపే ట్రై చేస్తా 😄