తివిరి ఇసుమున తైలంబు: నూనెను ‘తీయడం’ వేరు, ‘వండడం’ వేరు

పెరంబూరులో మా అపార్ట్‌మెంట్ పిల్లలకు ఆదివారాలు పద్యాలు చెబుతుంటాను. వాళ్లకు బడిలో తెలుగు లేదు. మొన్న భర్తృహరి సుభాషితానికి ఏనుగు లక్ష్మణకవి తెలుగు చెప్పాను: “తివిరి యిసుమున తైలంబు దీయవచ్చు”. ఇవి జరగని పనులు అని అర్థం చెబుతుంటే తొమ్మిదో తరగతి పిల్లాడు చెయ్యెత్తాడు. “అంకుల్, కెనడాలో ఇసుకలోంచి నూనె తీస్తున్నారు కదా!”

నిజమే. అల్బర్టాలో అథబాస్కా ప్రాంతపు ఇసుకకు తారులాంటి బిటుమెన్ అంటుకుని ఉంటుంది. వేడినీళ్లతో కడిగితే అది విడిపోయి పైకి తేలుతుంది. 1920లలో కార్ల్ క్లార్క్ అనే రసాయన శాస్త్రవేత్త ఈ పద్ధతిని గాడిలో పెట్టాడు. లోతున ఉన్నదాన్ని నేలలోకి ఆవిరి పంపి, పలచబరిచి తోడతారు.

ఆ సాయంత్రం సంస్కృత మూలం తీసి చూశాను. “లభేత సికతాసు తైలమపి యత్నతః పీడయన్”. పీడయన్ అంటే పిండుతూ. తెలుగు పాదంలో ఆ పిండడం లేదు! ‘యత్నతః’కి ‘తివిరి’ వచ్చింది, అంటే పూనుకుని, ప్రయత్నించి. ఎలా తీయాలో కవి చెప్పలేదు. ఇసుకను ఎంత పిండినా చుక్క రాదు, వేడికి మాత్రం లొంగింది. అందుకే నాకు మూలం కన్నా తెలుగు పాదమే ఎక్కువ నచ్చింది.

ఇక నా ప్రశ్న. ఆయిల్ షేల్ అనే రాయిలో అసలు నూనే ఉండదు. కెరోజెన్ అనే గట్టి పదార్థం ఉంటుంది. 1906లో ఆ పేరు పెట్టింది స్కాట్లండ్ రసాయన శాస్త్రవేత్త క్రమ్ బ్రౌన్. గ్రీకులో కెరోస్ అంటే మైనం. గాలి తగలకుండా సుమారు 500 డిగ్రీల దాకా కాలిస్తే కెరోజెన్ విరిగి ఆవిరవుతుంది, ఆ ఆవిరిని చల్లారిస్తే నూనె. లేనిదాన్ని పుట్టిస్తుంటే ‘తీయడం’ అనవచ్చా? మనకు ‘వంటాముదం’ ఉంది కదా, ‘వండడం’ అంటే?

వ్యాఖ్య: మాస్టారూ, మా అమ్మమ్మ వంటాముదం చేస్తుంటే పక్కన కూర్చుని చూశాను. గింజలు వేయించి, రోట్లో దంచి, నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టేది. నూనె తెట్టులా పైకి తేలితే గరిటెతో మెల్లగా తీసి వేరే గిన్నెలో పోసేది. కానీ ఆ నూనె ముందే గింజలో ఉంది, వేడి విడదీసిందంతే. కాబట్టి వంటాముదం మీ కెనడా ఇసుకకు అచ్చంగా సరిపోతుంది, షేల్‌కు సరిపోదు.

వ్యాఖ్య: బొగ్గుబట్టీని చూడండి. కట్టెలు పేర్చి, మట్టి కప్పి, గాలి ఆడకుండా కాలిస్తే కట్టె పోయి బొగ్గు వస్తుంది. వేడి కొత్త వస్తువును పుట్టించడం ఇదే. ‘బట్టీ పెట్టడం’ అందాం. ఇంకోమాట, పేపర్లలో ‘షేల్ ఆయిల్’ అని వచ్చే అమెరికా నూనె చాలావరకు ఇది కాదు. అది రాతి సందుల్లో ముందే నూనెగా ఉంటుంది. నీటి ఒత్తిడితో రాయిని పగలగొట్టి రప్పిస్తారు. రెంటినీ ఒకే మాటతో రాయకండి, దయచేసి.

జవాబు: బట్టీ బాగుందండీ. స్కాట్లండ్‌లో 1962 దాకా నడిచిన షేల్ పరిశ్రమకు అది సరిగ్గా అతుకుతుంది. రాయిని తవ్వి, పైకి తెచ్చి కాల్చేవారు. కాలిన రాతి గుట్టలు ఇప్పటికీ అక్కడున్నాయి. అయితే షెల్ అనే చమురు కంపెనీ అమెరికాలోని కొలరాడోలో రాయిని తవ్వకుండా, బోర్లలో కరెంటు హీటర్లు దించి, నేలలోనే సుమారు 350 డిగ్రీలకు వేడెక్కించి చూసింది. ఏళ్ల తరబడి అలా ఉంచాలి. భూగర్భజలం లోపలికి రాకుండా చుట్టూ నేలను గడ్డకట్టించారు. 2013లో ఆ ప్రయత్నం మానేశారు. దీన్ని బట్టీ అంటామా?

వ్యాఖ్య: ‘మాగబెట్టడం’ అనండి అన్నా. నేను జియాలజీ చదివాను. భూమి లోపలి వేడికి లక్షల ఏళ్లలో కెరోజెన్ నూనెగా మారడాన్ని మేము పండడం అన్న అర్థమున్న మాటతోనే చెబుతాం. ఆయిల్ షేల్ అంటే ఆ వేడి చాలక పచ్చిగా ఉండిపోయిన రాయి. గడ్డిలో వేసి మామిడికాయను మాగబెట్టినట్టు, హీటర్లు పెట్టి రాయిని మాగబెట్టడమే కదా అది.

జవాబు: ఇదీ మాటంటే! ఇసుక నూనెకు వండడం, బయట కాల్చే షేల్‌కు బట్టీ పెట్టడం, నేలలోనే అయితే మాగబెట్టడం. వచ్చే ఆదివారం ఆ పిల్లాడికి మూడూ చెబుతాను. అదే పద్యంలోని కుందేటి కొమ్ము సంగతి అడగడు కదా అనే టెన్షన్ మాత్రం ఉంది.