చెంపెడాక్‌ని ‘సీమపనస’ అనొచ్చా?

రెండేళ్ళు కౌలాలంపూర్‌లో ఉద్యోగం చేసి ఈమధ్యే హైదరాబాద్ వచ్చేశాను. అక్కడ మొదటి వారంలోనే ఒక బండి మీద చిన్న పనసపండు లాంటిది కనబడింది. పేరడిగితే చెంపెడాక్ అన్నాడు. చాకుతో తొక్క చుట్టూ పైపైన గాటు పెట్టి, రెండు చేతులతో విడదీసి, తొడిమ పట్టుకుని లాగాడు. తొనలన్నీ గుత్తిగా ఊడొచ్చాయి! మన పనసకైతే చేతులకి నూనె రాసుకుని, పీచులోంచి ఒక్కో తొనా వెతికి తీయాలి కదా. తొన వెన్నలా జారుతోంది. వాసన ఘాటు. గుజ్జు పిక్కని వదలదు, చీక్కోవాల్సిందే.

ఆ రాత్రి వీడియో కాల్‌లో చూపిస్తే అమ్మ “సీమపనసా?” అంది. అప్పట్నుంచీ ఆ ‘సీమ’ నన్ను వదల్లేదు.

సీమ అంటే హద్దు, ప్రాంతం. తర్వాత పరాయి దేశం అనే అర్థం వచ్చింది. సీమసున్నం, సీమవంకాయ అలా పుట్టినవే. సీమచింత మెక్సికో వైపు చెట్టు. దాన్నే ఇక్కడ ఉర్దూ మాట్లాడేవాళ్ళు విలాయతీ ఇమ్లీ అంటారు. విలాయత్ కూడా మొదట్లో రాజ్యంలో ఒక ప్రాంతమే. సీమ, విలాయత్ రెండూ ఒకే దారిలో నడవడం చూస్తే నాకు భలే ముచ్చటేసింది.

చిక్కేంటంటే, సీమపనస అనే పేరు ఇప్పటికే వేరే కాయకుంది. అది పనస జాతిదే గానీ తొనలుండవు, కూరకో బజ్జీకో వాడతారు. మరి చెంపెడాక్‌ని ఏమందాం?

జవాబు: చిట్టిపనస అంటే సరిపోదా అండీ?

వినడానికి బాగుందండీ. కానీ చిన్న పనసకాయ అనుకుంటారు, ఇది వేరే పండని తెలియదు. అందుకే చెంపెడాక్ అనే ఉంచేద్దామని నా ఆలోచన. అనాస కూడా పోర్చుగీసు వాళ్ళ నోటి నుంచి వచ్చిందే, ఇప్పుడెవరికీ పరాయిగా అనిపించదు. తొన, పిక్క, పీచు మాత్రం మనవే వాడదాం. ‘పల్ప్’, ‘సీడ్’ అని రాస్తుంటే మనసొప్పదు.

ఇంకో సాయం కావాలి. తొనలు అంటుకుని ఉండే ఆ నడిమి భాగాన్ని మీ ఊళ్ళో ఏమంటారు? అమ్మనడిగితే “మధ్యది” అంది. దానికో పేరుండే ఉంటుంది. గోదావరి వైపు వాళ్ళెవరైనా ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి చెప్పండి.